మూడో బెడ్డు నుంచి చూసిన లండన్ పెళ్లి

2018 మే నెల. అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలసిస్ యూనిట్‌లో నేను స్టాఫ్ నర్సుని. కిడ్నీలు చెయ్యలేని పనిని మెషీన్ చేత చేయించడమే డయాలసిస్. రక్తం బయటికొచ్చి, శుభ్రపడి, తిరిగి ఒంట్లోకి వెళ్తుంది. ఒంట్లో చేరిన నీరూ పోతుంది. ప్రతిసారీ నాలుగు గంటలు, వారానికి మూడుసార్లు.

రత్నకుమారి గారు రిటైరైన టీచరు, మలికిపురం నుంచి వచ్చేవారు. మంగళ, గురు, శనివారాలు మధ్యాహ్నం షిఫ్టు. ఆ గురువారం వెళ్లబోతూ మామూలుగా చెప్పారు.

"శనివారం రానండి. లండన్ రాణిగారి మనవడి పెళ్లి. సాయంత్రం టీవీలో చూపిస్తారు."

"మంగళవారం దాకా ఆగితే నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది మేడమ్. ఎవరిదో పెళ్లి కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటారా?" అన్నాను, కాస్త విసుగ్గానే.

ఆవిడ నొచ్చుకోలేదు. "మా అమ్మానాన్నా కూలికెళ్లేవారండి. పెద్దోళ్లిళ్లల్లో పెళ్లయితే పిల్లలం గేటు బయట నిలబడి చూసేవాళ్లం. టీవీలో అయితే ముందు వరసలో కూర్చోవచ్చండి."

"ఇక్కడే చూద్దురుగాని, రండి" అన్నాను.

శనివారం మా యూనిట్‌లో ఉన్న టీవీని ఆవిడ మూడో బెడ్డు వైపు తిప్పించాను. పక్క బెడ్డు సత్తిబాబు గారు తాటిపాకలో లారీ డ్రైవరు. ఆ పూట ఆయన క్రికెట్ చూడటం మానుకున్నారు. "ఆయ్, పెట్టండి సిస్టర్. మేడమ్ గారింట్లో పెళ్లి కదా" అని నవ్వారు.

పెళ్లికూతురు చర్చి మెట్లెక్కుతోంది. వెనక బారెడు తెల్లటి ముసుగు జీరాడుతోంది. అందరితోపాటు నేనూ కళ్లప్పగించి చూస్తున్నాను. మెషీన్ నీరు లాగుతుంటే బీపీ పడిపోవచ్చు, అందుకే అరగంటకోసారి చూడాలి. అది చూడటం ఆలస్యమైపోయింది.

"సిస్టర్, మేడమ్ గారికి చెమటలు పట్టేస్తన్నాయండి" అన్నారు సత్తిబాబు గారు.

పై బీపీ డెబ్బై. నీరు లాగడం ఆపి, కాళ్లు ఎత్తిపెట్టి, సెలైన్ వదిలాను. కాసేపటికి నూరు దాటింది.

"కళ్లు తిరుగుతుంటే చెప్పలేదేం మేడమ్?"

"మీరు అంత సంతోషంగా చూస్తున్నారు. చెడగొట్టడం దేనికని ఊరుకున్నానండి."

ఆలస్యం నాదేనని డాక్టరు గారికి నేనే చెప్పాను. ఆయన మందలించారు, పడ్డాను.

ఆవిడను ఆ రోజు మెషీన్ దాకా రప్పించింది నేను తీసిపారేసిన ఆ పెళ్లే. అది ఒక పాఠం. రెండోది, మా వైపు మనుషులు మర్యాద కొద్దీ ప్రాణం మీదికొచ్చినా పైకి చెప్పరు. అందుకే "ఎలా ఉందండీ" అని అడిగి, జవాబు ఏదైనా సరే, చెయ్యి పట్టుకుని చెమట పట్టిందేమో చూస్తాను.