రాజమ్మక్క వేళ్లు పట్టేసిన దారం

శనివారం. ఒకటే ఉక్క. మగ్గానికి నూనె వేసినాను. రేపు తిరుత్తణిలో చెల్లెలి కూతురి చెవులు కుట్టే వేడుకలో, మొదటిసారి నలుగురి ముందు గారడీ చేయాల. కుదురుగా ఉండలేక పక్కింటి రాజమ్మక్కను పిలిచి, తెంపిన దారం అతికించి చూపినాను. చేతులు చూసుకోకుండా ఆమె కళ్లలోకే చూసినాను. అది మొదటి సూత్రం. ఆమె దారం తీసుకుని నలిపింది.

"ఇది వేరే దారం తంబీ. తెంపింది అరవయ్యో నెంబరు, ఇది ఎనభై, ఇంకా సన్నం."

"మార్చింది కనపడిందా అక్కా?"

"లేదు. వేలికి తగిలింది. రేపు వచ్చేదంతా నేతోళ్లే, బద్రం!"

కళ్లను ఏమార్చేది నేర్చుకున్నాను. నేతోళ్ల వేళ్లను ఏమార్చేదెట్ల? తెలిసినవాళ్లు చెప్పండి. ఇప్పుడే ఒకే నూలు కండె నుంచి రెండు ముక్కలు తీసి అక్కను మళ్లీ పిలిచినాను. వస్తా ఉంది. ఇక సాయంత్రం పని ఇదే.