మెతక వైపు వరసలు

మామిడి రసం వడగట్టిన పాత పంచె ముక్కను ఎదురెదురు మూలలు పట్టి పిండుతుంటే గుడ్డ చేతుల్లో సాగింది. ఆ సాగుడుకీ, పులుపు కలిసిన తీపి వాసనకీ శారద గుర్తొచ్చింది. ఎనభైల్లో నూజివీడులో మా ముందుగదిలో అద్దెకుండి, కాలేజీలో ఫిజిక్సు చెప్పేది. సెలవులొస్తే యూనివర్సిటీకి పోయి పరిశోధన చేసుకునేది. నేను చదివింది మూడో క్లాసు. అయినా అడక్కుండా ఊరుకునే రకాన్ని కాదు.

ఒక వేసవిలో అక్కణ్ణుంచి వచ్చి అన్నం ముట్టకుండా కూర్చుంది. చేతిలో మైక్రోస్కోపులోంచి తీసిన ఫోటో. అందులో నల్లటి నేల మీద తెల్లటి బొడిపెలు, వరసలు వరసలుగా.

"ఏంటమ్మాయ్, ముగ్గు చుక్కలా?"

"స్ఫటికం బిళ్ళ మీద ఇంకో పదార్థం పలచగా పరిచాను పిన్నిగారూ. ఆ పొర కింది బిళ్ళ అమరికలో ఇమడలేక, ఆ ఇరుకు ఓర్చుకోలేక తనంతట తానే దీవుల్లా ముద్దలు కట్టింది. అది మామూలే. ఈ వరసలే కొంప ముంచాయి. బిళ్ళని గీతలు పడేలా తుడిచాను, ఆ గీతల వెంటే ఇవి లేచాయంటున్నారు మా సారు. అదే నిజమైతే ఇన్నాళ్ళ పనీ చెత్తబుట్టలోకే."

"మరి నువ్వేమంటావు?"

దండెం మీది వడగుడ్డ తెచ్చింది. నిలువునా లాగింది, సాగలేదు. అడ్డంగానూ సాగలేదు. మూలవాటంగా లాగితే సాగింది. "బిళ్ళ కూడా ఇంతే. ఒక దిక్కున బిగువు, ఒక దిక్కున మెతక. ప్రతి దీవీ కింది బిళ్ళని లాగుతుంది. పక్క దీవి మెతక వైపు చూసుకుని లేస్తుంది. అందుకే వరసలని నా అనుమానం."

"అందుకేగా నేను మూలవాటంగా కత్తిరించే క్రాస్ కట్ జాకెట్లు వద్దనేది. గుడ్డ దండగ, పైగా సాగుడు!"

శారద గుడ్డ మళ్ళీ దండెం మీద వేసింది. "ఈసారి తుడిచే వైపు ఒక్కటే మారుస్తాను. వరసలు కూడా దాంతోపాటు తిరిగితే తప్పు నాదే."

"ఒకేసారి నాలుగు మార్చి చూడరాదూ? బస్సు ఛార్జీలైనా కలిసొస్తాయి."

"నాలుగూ మారిస్తే ఏది చేసిందో ఎలా తెలుస్తుంది పిన్నిగారూ?"

వెళ్ళింది. హనుమాన్ జంక్షన్ బస్సు చప్పుడైనప్పుడల్లా గుమ్మంలోకి వచ్చేదాన్ని. ఆ పిల్ల ఏ మొహంతో దిగుతుందోనని వీధి చివరిదాకా చూసేదాన్ని.

ఒక మధ్యాహ్నం వచ్చింది. సంచీ దించకుండానే చెప్పింది. "వరసలు కదల్లేదు. మెతక వైపే ఉన్నాయి."

"మీ సారేమన్నాడు?"

"ఇంకో బిళ్ళ మీద చేసి చూపించమన్నారు."

"నమ్మలేదన్నమాట!"

"నమ్మకం లేకపోతే మళ్ళీ చెయ్యమనరు కదండీ" అంది. కానీ అన్నం కలుపుతూనే ఎడమచేత్తో మళ్ళీ ఫోటో తీసి చూసుకుంది.

తర్వాత ఆమెకి వేరే ఊళ్ళో ఉద్యోగమైంది; ఆ రెండో బిళ్ళ ఏం చెప్పిందో నాకు తెలీలేదు. ఇప్పటికీ మా ఇంట్లో పెరుగు తోడుకోకపోయినా, అన్నం పలుకైనా, కోడల్ని వెంటనే కసరను. ఒక్కటి మార్చి మళ్ళీ చేయిస్తాను. ఫలితం తేలేదాకా నోరు మూసుకుని కూర్చోవడం మాత్రం, కసిరేసినంత సుఖంగా ఉండదు.