చివరి అధ్యాయం బిస్కెట్ల డబ్బాలో ఉంది

టీచరమ్మ పోయింది. మొన్న శుక్రవారం అరకు సంతలో ఆ మాట చెబితే ఒక్కరూ నమ్మలేదు. "నీ నోట్లో మన్నెయ్య! సావులతో కూడా ఆటలేటి?" అని ఉల్లిపాయలమ్మే ఆవిడ తూకం రాయి ఎత్తింది. జన్మంతా ఊరిని ఆటపట్టించినవాడికి అదే శాస్తి. చర్చి గంట మోగాక గానీ నా మాట నిజమవలేదు.

మిషను బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి ఆవిడ. ఇంటి పక్కనే ఒక గది అద్దెకు తీసుకుని, అందులో పెట్టిన డిటెక్టివ్ నవలలు అడిగినవాళ్లందరికీ ఇచ్చేది. ఏ నవలకూ చివరి అధ్యాయం మాత్రం ఉండేది కాదు. దాన్ని విప్పి, విడిగా దారంతో కుట్టి, బిస్కెట్ల డబ్బాలో దాచేది. మిగతాది చదివి వెళ్తే గుమ్మంలోనే పరీక్ష; జవాబు చెబితేనే ఆ అధ్యాయం చేతికొచ్చేది.

"హంతకుడెవడో అడగట్లేదురా. ఆ డిటెక్టివ్ జాగాలో నువ్వుంటే ఏటి సేద్దువు?"

ఏడో తరగతి గట్టెక్కని నేను ఒకసారి సొంతంగా చివరి అధ్యాయం రాసి ఆ డబ్బాలోకి తోసేశాను. అందులో డిటెక్టివ్, హంతకుడిచ్చిన బంగళాలో కాపురం పెట్టి, అతనితో కలిసి బొంగు చికెన్ తింటాడు. వారం తిరగకుండా పిలుపొచ్చింది.

"హంతకుడు బాగా కుదిరాడ్రా. డిటెక్టివ్‌నే సంపేసినావు."

ఆవిడ పరీక్ష పుస్తకాలతో ఆగలేదు. ఒక వానాకాలం పాడేరు నుంచి ఆవిడ వస్తున్న జీపును చెక్‌పోస్టులో ఆపితే, అల్లం బస్తాల కింద గంజాయి దొరికింది. డ్రైవర్ని పట్టుకుపోయారు. అతనికి పెళ్లయి నెల కూడా కాలేదు. ఆ బస్తాలు ఎత్తించింది మా ఊరి పెద్దమనిషి తాలూకు వాళ్లు. చర్చికి సిమెంటు ఇచ్చిందీ, పుస్తకాల గది అద్దెకిచ్చిందీ ఆ పెద్దమనిషే.

మర్నాడు పొద్దున్నే చర్చి సంఘపెద్ద టీచరమ్మ ఇంట్లో దిగాడు. నేనక్కడే టీ తాగుతున్నాను.

"జీపులో నిద్దరపోయాననండి సాలు, అమ్మగారూ."

"నిద్దరపోలేదయ్యా. బస్తాలు ఎవులెత్తారో సూసినాను. కోర్టులో అదే సెప్తాను."

"ఆళ్లు నవల్లో డిటెక్టివ్‌లు టీచరమ్మా, ఇది అరకు," అన్నాను నేను.

"అందుకే గదరా మీ సేత సదివిస్తన్నాను."

కోర్టులో అదే చెప్పింది. డ్రైవరు బయటికొచ్చాడు. ఆవిడ గదికి తాళం పడింది, పుస్తకాలు వానలో పడ్డాయి. కాఫీ గింజలు ఆరబెట్టే కళ్లంలో వాటిని ఒక్కొక్కటే విప్పి ఆరబోసింది. పెద్దమనిషి మీద ఈగ కూడా వాలలేదు.

"ఇంతకీ ఏటి మారింది?" అని దెప్పాను.

"నవల్లో మట్టుకు ఊరు మారిపోద్దేట్రా? ఒక మనిషి లొంగడు. ఆడి కోసం సదువుతాం."

సంస్మరణ కూటంలో ఆ పెద్దమనిషే ముందు వరసలో కూర్చున్నాడు. ఆవిడ అందరికీ కావలసిన మనిషనీ, ఎవరితోనూ తగవు లేదనీ చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. సంఘపెద్ద మైకు నా చేతికిచ్చి, "రెండు మంచి ముక్కలు సెప్పి బేగి దిగిపో," అన్నాడు. నేను అల్లం బస్తాల సంగతి ఎత్తుకున్నాను. మైకు ఆపేశారు. నా గొంతుకు మైకెందుకు? చివరిదాకా చెప్పే దిగాను. ఆవిడకు తగవు ఉంది. దాన్ని ఆవిడతో పాటు పూడ్చిపెడతామంటే నేనొప్పుకోను. ఇదీ నా ఆటే అనుకుంటారేమోనని అచ్చులో కూడా చెబుతున్నాను.

పుస్తకాలూ డబ్బా ఇప్పుడు ఆ డ్రైవరు జీపులోనే తిరుగుతున్నాయి. నిన్న స్టాండులో జనం నిండేదాకా జీపు ఆగి ఉంటే, కాలేజీ అమ్మాయి ఒకతె చదివిన పుస్తకం చూపించి చివరి అధ్యాయం అడిగింది.

"ముందు నువ్వు సెప్పు గుంటా. ఆడి జాగాలో నువ్వుంటే ఏటి సేద్దువు?" అన్నాడు డ్రైవరు.

 ఆ పిల్ల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, కొండ మీది మంచు వైపు చూస్తూ కూర్చుంది. డబ్బా మూత మీద డ్రైవరు చెయ్యి అలాగే ఉంది.