ఎవరిదీ కాని రెండు క్రెడిట్లు

నాలుగేళ్ల కిందట డిసెంబరులో, పాతబస్తీలోని ఒక డిగ్రీ కాలేజీలో అకడమిక్ అసిస్టెంట్‌గా కాంట్రాక్టు మీద చేరాను. రెండేళ్లు చేసి మానేశాను. నాకు అప్పగించిన మొదటి పని, కంప్యూటర్లనూ ఫైనాన్స్‌నూ కలిపి కొత్తగా పెట్టబోయే డిగ్రీకి కోర్సుల పట్టిక తయారు చేయడం. ఏ సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టు, దానికి ఎన్ని క్రెడిట్లు, ఏది చదివాక ఏది చదవాలి అన్నది అందులో ఉండాలి. క్రెడిట్ అంటే సుమారుగా వారానికి ఒక గంట పాఠం. మా దగ్గర సెమిస్టర్‌కు ఇరవై దాటకూడదు.

కామర్స్ వాళ్లు తమ జాబితా ఇచ్చారు, కంప్యూటర్స్ వాళ్లు తమది. రెండూ కలిపి చూస్తే, రెండో సెమిస్టర్‌లో పెట్టుబడుల రిస్క్ లెక్కగట్టే సబ్జెక్టు ఉంది గానీ, దానికి కావలసిన గణితం ఎక్కడా లేదు. అవతలివాళ్లు చెబుతారని ఎవరికి వారు అనుకున్నారు. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవాళ్లకైనా సీటు ఇస్తామన్నది కాలేజీ నిర్ణయం. సీఈసీ, అంటే సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్ చదివిన పిల్లలకు ఇంటర్‌లో లెక్కలు ఉండవు. అందుకని మొదటి సెమిస్టర్‌లో రెండు క్రెడిట్ల ప్రాథమిక గణితాన్ని నేనే చేర్చాను. మొత్తం ఇరవై రెండైంది.

కోర్సులను ఆమోదించే కమిటీని బోర్డ్ ఆఫ్ స్టడీస్ అంటారు. సభ్యులు రాగానే హాజరు సంతకం పెడతారు. తర్వాత తీర్మానానికి జతచేసేది కూడా ఆ సంతకాలనే. సమావేశంలో జరిగింది నమోదు చేసే మినిట్స్ రాసే నాలాంటి వాళ్లు వెనక కూర్చుంటారు, అడిగితే తప్ప మాట్లాడరు.

నా పట్టిక ఆ కమిటీ ముందుకు వచ్చిన రోజు, రెండు క్రెడిట్లు తగ్గించాల్సి వచ్చింది. అధ్యక్షులు కామర్స్ హెడ్ యాదగిరి సార్. ఆయన కంప్యూటర్స్ హెడ్ రజియా మేడంతో, "మీ ల్యాబ్ జర తగ్గించుండ్రి మేడం" అన్నారు.

"అరె సార్, ల్యాబ్ తీస్తే ఇది బీకామే అయితది. పేరు మార్చుకోండి మరి."

అందరూ నవ్వారు. సార్ చూపు తెర మీద గణితం వరుస దగ్గర ఆగింది.

"గిది మీదా?"

"మాది కాదు సార్."

"మాది గూడ కాదు. ఇంటర్ పాసైనోళ్లకు మల్ల లెక్కలేంది, మనమేమన్న ట్యూషన్ పెట్టినమా?"

తర్వాత, న్యాయంగానే, నా వైపు తిరిగారు. "పట్టిక చేసింది నువ్వు గదమ్మా. ఏమన్న చెప్పేదున్నదా?"

"ఏం లేదు సార్" అన్నాను. వరుస తీసేశాను. మొత్తం ఇరవై చూపించింది. "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని రాశాను. గణితం తీసేయకూడదన్న నా అభ్యంతరం మాత్రం ఆ రోజు నా డైరీలో ఒకటిన్నర పేజీ ఉంది, కారణాలతో సహా.

అడ్మిషన్లప్పుడు యాకుత్‌పురా నుంచి స్వప్న అనే అమ్మాయి వచ్చింది. సీఈసీ. లెక్కలు రాకపోయినా నడుస్తుందా అని అడిగింది. ఏ గ్రూపైనా చేరవచ్చని, నిబంధనలో ఉన్నదే చెప్పాను. మరుసటి మార్చిలో కోర్సు మార్పు ఫారం కోసం నా బల్ల దగ్గరికే వచ్చింది.

"రిస్క్ క్లాసుల లెక్కలు అందరికీ తెల్సినట్టే చెప్తుండ్రక్కా. లేసి అడుగుదామంటే నోరు రాలే."

ముందే చెప్పాల్సింది కదా అన్నాను. ఆ మాట అనే అర్హత నాకు లేదు.

"బాపుకేం చెప్పాలె? ఏడాది పాయెనంటే లొల్లి జేస్తడు. మస్తు మురిసిండు, మా బిడ్డ కంప్యూటర్ చదువుతుందని."

ఫారంలో 'కారణం' అనే గడిలో ఏం రాయాలని అడిగింది. 'వ్యక్తిగతం' అని రాయమన్నాను. బీకాం మొదటి సంవత్సరంలో మళ్లీ మొదటి నుంచి చేరింది.

ఆ వేసవి సమావేశంలో, ఇలా కోర్సు మారడం చూసి, రెండు విభాగాలూ చెరో క్రెడిట్ వదులుకుని గణితాన్ని తిరిగి చేర్చారు. పాత మినిట్స్ చదివి, "ఒక్కరన్న అడ్డం చెప్పలేదా?" అన్నారు యాదగిరి సార్. అప్పుడు చెప్పాను, నాకు ముందే తెలుసునని. ఆయన కోప్పడలేదు. మినిట్స్ రాయమన్నారు.

పట్టికలో ఏ విభాగానికీ చెందని సబ్జెక్టు ముందుగా పోతుంది. దాని పక్కన ఒక మనిషి పేరు ఉండాలి, ఆ మనిషి నోరు విప్పాలి. ఈ గణితం విషయంలో ఆ మనిషిని నేనే.