ఇంకో రెండు రాడ్లు

టెక్నో అంటే ఏమిటని మా ఊళ్లో ఎవరడిగినా నేను ఒకటే చెప్తాను: పల్లవి లేని, చరణం లేని, హీరోయిన్ రాని పాట. దెబ్బ మీద దెబ్బ, ఏడు నిమిషాలు. "గట్లయితె మా పిండిగిర్ని గూడ టెక్నోనే గదరా" అన్నాడొక మామ. నేను కాదనలేదు. నా మొదటి ట్రాకులో దెబ్బ కొట్టేది బోరు బండి. గిర్నిని చిన్నచూపు చూసే అర్హత నాకు లేదు.

దేవరకొండ పక్కన మా చేనులో కిందటి ఎండాకాలం బోరు వేయించినప్పుడు ఫోను గట్టు మీద పెట్టి ఆ చప్పుడు రికార్డు చేశాను. నీళ్లు పడలేదు. తెల్లటి దుమ్ము మాత్రం ధారాళంగా పడింది. పెళ్లికి తయారైనట్టు ఇంటిల్లిపాదికీ పౌడరు పూసింది. చివరికి బండివాడు ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో మా నాన్న, మేం బాపు అంటాం, వాడి దగ్గరికి పోయి, "అన్నా, నీ కాళ్లు మొక్కుత. ఇంకో రెండు రాడ్లు దింపు" అన్నాడు. రెండు రాడ్లంటే ఇంకో నలభై అడుగుల లోతు. వాడు దింపలేదు. ఉన్న రాడ్లు పైకి లాక్కుని వెళ్లిపోయాడు. బాపు అటూ ఇటూ చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. నేను బండి వెనకాల ఉన్నాను. ఎవరూ వినలేదనుకున్నాడు. ఆ తర్వాత ఆ రోజు గురించి ఇంట్లో ఒక్క మాట ఎత్తలేదు.

ఆ మాట ఫోనులో పడింది. ఫోనులోంచి ట్రాకులో పడింది. మధ్యలో ఒకచోట చప్పుడంతా ఆగి, బాపు గొంతు ఒక్కటే వినపడి, వెంటనే దెబ్బ రెట్టింపు బరువుతో మళ్లీ మొదలవుతుంది. హైదరాబాదులో దాన్ని క్లబ్బులో వేస్తానని, నేను అక్కా అని పిలిచే అక్కడి డీజే ఒప్పుకున్నది ఆ చోటు వినే. "ఎవరిదిరా ఈ గొంతు? పాటంతా ఈడనే ఉంది" అంది. తెలిసినాయన అన్నాను. అబద్ధం కాదు, పుట్టినప్పటి నుంచీ తెలుసు.

బాపుకు చెప్పలేదు. ఆయన క్లబ్బుకు వచ్చేదెప్పుడు, వినేదెప్పుడు అని నా ధైర్యం. ట్రాకు క్లబ్బులో మొదటిసారి వేసే రోజే ఆయన కంటి పరీక్షకు పట్నం వచ్చాడు. దవాఖానలో కళ్లలో మందు చుక్కలు వేసి, సాయంత్రం దాకా అంతా మసకే అని నల్లద్దాలు పెట్టి పంపారు. బయటికి రాగానే అక్క ఫోను: "రాత్రి నీదే కొత్త రిలీజ్ అని చెప్పి వేస్తున్నా. సౌండ్ చూస్కోవాలె, ఇప్పుడే రా." కళ్లు కనపడని మనిషిని బస్టాండులో వదలలేను. వెంట తీసుకుపోయాను.

నల్లద్దాలు, తెల్ల ధోతి, చేతిలో రొట్టెల సంచి. గేటు దగ్గర బౌన్సరు ఆయనే ఆర్టిస్టు అనుకుని నమస్తే పెట్టాడు. నన్ను మాత్రం నువ్వెవరని అడిగాడు.

మధ్యాహ్నం కాబట్టి లోపల మేం ముగ్గురమే. బాపు సోఫాలో కూచున్నాడు. అక్క ట్రాకు పెట్టింది. మొదటి దెబ్బకే బాపు లేచి నిలబడ్డాడు.

"పట్నంల ఇంట్లనే ఏస్తున్నరారా బోరు?"

"కాదు బాపు. అవి స్పీకర్లు."

ఆయన తడుముకుంటూ స్పీకరు దగ్గరికి పోయి దాని మీద చెయ్యి పెట్టాడు. కొంచెంసేపు విన్నాడు. "గిది మన చేన్ల రాయే" అన్నాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకుని తలుపు వైపు తిప్పాను.

"బాపు, బయటికి పోయి చాయ్ తాగొద్దాం పా."

"ఆగురా. చాయ్ ఏడికి పోతది."

వైరు పీకేద్దామనుకున్నాను. అక్కడ గంపెడు వైర్లున్నాయి, ఏది పీకితే ఏది ఆగుతుందో తెలియదు. బాపు కొడతాడని కాదు నా భయం. ఆయన చేనులో చుట్టూ చూసిన ఆ చూపు మళ్లీ చూడాల్సి వస్తుందని. రాత్రికి వందల మంది ఆ మాట విని చేతులెత్తి ఎగురుతారు.

చప్పుడు ఆగింది. "అన్నా, నీ కాళ్లు మొక్కుత..." గొంతు హాలంత పెద్దదై వచ్చింది. అక్క పిడికిలెత్తింది. దెబ్బ మళ్లీ పడింది. బాపు కదల్లేదు. అద్దాల వెనక ఏముందో కనపడక కంటి డాక్టరును మనసులో తిట్టుకున్నాను.

ట్రాకు అయిపోయింది. "ఎట్లుంది అంకుల్?" అంది అక్క.

బాపు నావైపు అనుకుని ఇంకోవైపు తిరిగాడు. "ఆడ చేన్ల బంద్ జేసిండు గదరా బండోడు. గీ పాటల మల్ల నడిచింది."

"నేనే నడిపించిన బాపు."

"ఎన్ని రాడ్లు దింపినవ్?"

"లెక్కపెట్టలే" అన్నాను.

"ఊర్ల ఇంటరా గిది?"

"రేపటి సంది ఫోన్లల్ల వస్తది. ఇంటరు." అక్క హెడ్‌ఫోన్సు తీసి కింద పెట్టింది, ఆ గొంతు ఎవరిదో ఆమెకు అర్థమైంది. "తీసెయ్యమంటె తీసేస్త బాపు" అన్నాను. అది తీసేస్తే అక్క ఆ ట్రాకు ఇక వేస్తుందో లేదో నాకే తెలియదు.

బాపు మళ్లీ స్పీకరు మీద చెయ్యి పెట్టాడు.

"రాడ్ల మాట ఉండనియ్. కాళ్లు మొక్కుత అన్నది తీసెయ్. అన్నా అన్నది గూడ. వాడు నాకంటె చిన్నోడు. నీ ఈడోడు."

బారు బల్ల మీద లాప్‌టాప్ తెరిచాను. తొందరలో మొదటిసారి రాడ్ల మాట కూడా తెగిపోయింది. బాపు నా వెనక నిలబడ్డాడు. తెర కనపడదు, చెవి మాత్రం పెట్టాడు. "మల్ల ఎయ్" అన్నాడు. వేశాను. "ఇంకా జరంత ఇనొస్తుంది, మల్ల." మళ్లీ కోశాను. చివరికి మిగిలింది ఒక్క ముక్క: ఇంకో రెండు రాడ్లు దింపు. బతిమాలినట్టు లేదు. కూలివాళ్లకు పని చెప్పినట్టుంది.

"ఆఁ. గిప్పుడు పెద్దగ వెట్టు" అన్నాడు.