చుక్క కారని దేవదారు అరుగు

ఆ రోజుల్లో నాకు రాని విద్య లేదని నా గట్టి నమ్మకం. వయసు ఇరవై రెండు. మలయాలో బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు తోటలో చెట్లు గీసే కూలీని, మనసులో మాత్రం వడ్రంగిని. మా తాతా నాన్నా భీమిలి ఒడ్డున పడవలు కట్టినవాళ్ళు. నాన్న నన్ను వెంటబెట్టుకుని ఓడెక్కినప్పుడు ఉలీ, బాడిసా, చిత్రికా మూటగట్టి తెచ్చాడు గాని, ఇక్కడ ఆ మూట విప్పే పనే పడలేదు (రబ్బరు చెట్ల మధ్య పడవలు ఎవరిక్కావాలి?). ఆయన పోయాక మూట నాకొచ్చింది, దాంతోపాటు గొప్పలు చెప్పుకునే అలవాటూ వచ్చింది. ఇప్పుడు ఏళ్ళు గడిచేకొద్దీ నాకు తెలియని సంగతులు పెరుగుతున్నాయే తప్ప అప్పటి ధీమా మళ్ళీ రాలేదు.

మా తెలుగు కూలీలందరి మీదా ఒక కంగాణీ ఉండేవాడు. ఎండైనా వానైనా నెత్తిన తెల్లటి తలపాగా ఉండాల్సిందే, అందుకని ఆయన పేరే తలపాగా కంగాణీ అయిపోయింది. ఆయన కూతురంటే నాకు ఇష్టం. ఆ పిల్లతో నేను ఒక్క మాటా మాట్లాడలేదు, ఆమె మా కూలీల ఇళ్ళ లైన్ల ముందు నుంచి నీళ్ళకు వెళ్ళే వేళకు గుమ్మంలో కూర్చుని ఉలి నూరుకునేవాణ్ణి. ఆ ఉలి అరిగి సగమైంది. చివరికి ధైర్యం చేసి ఒక పెద్దాయనతో అడిగించాను. చెట్లు గీసేవాడికి పిల్లనివ్వనని కంగాణీ కబురు చేశాడు. తోట వడ్రంగినైతే అప్పుడు ఆలోచిస్తాడట.

సరిగ్గా అప్పుడే మా దొరగారికి చెక్క అరుగు కట్టించుకోవాలని బుద్ధి పుట్టింది. బంగళా హాలు గుమ్మానికి ఆనించి, స్తంభాల మీద, పైకప్పు లేకుండా, సాయంత్రాలు కూర్చోడానికన్నమాట. ఆయన అంతకుముందు ఏవో చలికొండల్లో పనిచేశారట, అక్కడ అలాంటి అరుగు ఉండేదట, అది దేవదారుదట. ఇక్కడి అడవిలో ఉన్న గట్టి కలపంతా వదిలేసి, దేవదారు పలకలు ఓడలో తెప్పించారు. ఎడ్లబళ్ళ మీద అవి దిగిన రోజు తోటంతా రబ్బరుపాల కంపు పోయి గుళ్ళో ఉన్నట్టు వాసన వేసింది. ఎప్పుడూ వచ్చే చీనా మేస్త్రి వేరే తోటలో పనిలో ఉన్నాడు. నేను వెళ్ళి నిలబడ్డాను. పని బాగుంటే తోట వడ్రంగిగా వేసుకుంటానన్నారు దొరగారు. కాగితం మీద బొమ్మ గీసిచ్చి, వైద్యానికని జార్జ్ టౌన్ వెళ్ళిపోయారు.

ఆ బొమ్మలో పలకకూ పలకకూ మధ్య చిటికెనవేలు పట్టేంత సందు ఉంది. అది చూసి నాకు దొరగారి మీద జాలేసింది. ఇంత పెద్ద తోట నడిపే మనిషికి రెండు పలకలు కలిపి గీయడం రాలేదే అనుకున్నాను. మా ఇంట్లో సందు విడిచి పలక వేస్తే తాత కర్రపుచ్చుకునేవాడు. అంచేత నేను పలకలు వెంట్రుక దూరనంత దగ్గరగా బిగించాను. ఉన్న కాసిని సందుల్లో కొబ్బరిపీచు కూరి, గుగ్గిలం నూనెలో కాచి పోశాను. మూడువైపులా జానెడెత్తు పలక నిలబెట్టి, అది కూడా అలాగే మూశాను. పైన చిత్రిక పట్టి, అవిసెనూనె మూడు పూతలు పూశాను. ఎర్రగా మెరిసిపోయింది. దొరసానమ్మ చూసి ఆ అంచు ముచ్చటగా ఉందన్నారు కూడా.

నా పనితనం కాబోయే మామగారికి చూపించాలి కదా. ఆయన్ను అరుగు కింద కూర్చోమని, పైన నాలుగు బిందెల నీళ్ళు పోశాను. ఆయన అయిదు నిమిషాలు అక్కడే గొంతుక్కూర్చుని, బయటికొచ్చి, తలపాగా తీసి తడిమి చూసుకున్నాడు.

"సుక్క దిగలేదురా. పనోడివే," అన్నాడు.

పైన నీళ్ళు ఎక్కడికి పోతాయని ఆయన అడగలేదు, నాకూ తట్టలేదు. మధ్యాహ్నపు ఎండ వాటిని తాగేసింది. ఆ వారమంతా, ఏ దేవుడి దయో గాని, వాన లేదు.

దొరగారు తిరిగొచ్చిన రోజే అరుగు మీద టీ విందు పెట్టారు. పక్కతోటల దొరలూ దొరసానులూ వచ్చారు. మా దొరగారు అరుగు ఎక్కి, కింద పలకల్ని చూసి, నన్నేదో అడగబోయి, అతిథులు పలకరిస్తే అటు తిరిగారు. నేను మెట్ల పక్కన ఉతికిన చొక్కాతో నిలబడ్డాను, నా పక్కన కంగాణీ. నాలుగు గంటలకు వాన దిగింది. మా వాన గురించి మీకు తెలుసుగా, చినుకులుగా రాదు, కుమ్మరించేస్తుంది. అందరూ హాల్లోకి పరుగెత్తారు. వెనకాలే నీళ్ళూ వెళ్ళాయి. మూడువైపులా నా అంచు, నాలుగోవైపు హాలు గుమ్మం, పాపం వాటికి మాత్రం వేరే దారేది? దొరసానమ్మ తివాచీ మీద టీ కప్పు సాసరు తేలుతూ వచ్చింది. అరుగు కింద నేల మాత్రం ఎండిపోయి దుమ్ము లేస్తోంది.

దొరగారు పాదాలు మునిగే నీళ్ళలో నిలబడి, మీ నాన్న ఏం పని చేసేవాడని అరవంలో అడిగారు. పడవలు కట్టేవాడన్నాను. ఆయన కాసేపు కళ్ళు మూసుకున్నారు. తర్వాత, సందులన్నీ నేనొక్కణ్ణే విప్పాలనీ, వచ్చే వానకు నీళ్ళు నిలవకపోతేనే వడ్రంగి పని మాట ఎత్తాలనీ చెప్పారు. కంగాణీ అంతకన్నా తక్కువ మాటల్లో తేల్చేశాడు.

"నా పిల్లనిచ్చి ఈ ఓడెక్కించి ఏ ఊరంపమంటావురా? మాను, ఈ సమ్మందం వద్దు."

ఆ తర్వాత తొమ్మిది రోజులు అరుగు మీద మోకాళ్ళేసి గోకాను. నేను కూరిన పీచు నాకే లొంగలేదు (పనితనం అంటే అదీ). అంచు పీకేశాను, పలకలు ఒక్కొక్కటే విప్పి, అంచులు చెక్కి, చిటికెనవేలు పెట్టి కొలుచుకుంటూ మళ్ళీ బిగించాను. రబ్బరుపాల బకెట్లతో ఆ దారినపోయే ఆడవాళ్ళకు నేనే వినోదం.

"వైజాగు ఓడ ఏ రోజు కదుల్తాది లా? మూటలు సర్దుకోమంటావేటి?" అని ఒకామె ఇక్కడివాళ్ళలా మాట చివర 'లా' తగిలించి అడిగితే మిగతావాళ్ళు విరగబడి నవ్వారు. వాళ్ళలో కంగాణీ కూతురూ ఉంది. ఆమె నవ్వలేదు గాని, ఆగి నాకేసి చూసి వెళ్ళింది. నా బతుకులో అంత సిగ్గుపడ్డ క్షణం ఇంకోటి లేదు.

పదోరోజు వాన వచ్చింది, నీళ్ళు బుద్ధిగా కిందికి పోయాయి. నాకు వడ్రంగి పని దక్కింది. ఏటా రెండుసార్లు ఆ అరుగుకు నూనె పూయడం కూడా నా వంతే అయింది. నెల తిరక్కుండా కంగాణీ మా గుమ్మానికి వచ్చి, తలపాగా సర్దుకుంటూ, పిల్ల నిన్నే చేసుకుంటానంటోందిరా అని విసుగ్గా చెప్పాడు. అంత మొండి కీళ్ళు బిగించినవాడి పనితనం ఆ పిల్ల కంట్లో పడిందని నేను మురిసిపోయాను. ఒకటీ రెండూ కాదు, ముప్పై ఏళ్ళు అలాగే మురిసిపోయాను.

మొన్నామధ్య మా ఆవిడ బియ్యం ఏరుతుంటే, నా పనిలో నీకేం నచ్చిందని ఊరికే అడిగాను.

"పనేటి? నీ పని సూసి ఎవులు సేసుకుంటారు," అంది తలెత్తకుండా. "అంతమంది ఎక్కిరిస్తన్నా నువ్వు కోపం లేకుండా నవ్వుతా గోకుతున్నావు. ఈ మనిసితో బతకొచ్చనుకున్నాను."

నిజానికి ఆ రోజు నేను నవ్వలేదు. ఏడుపు ఆపుకోడానికి పళ్ళు బిగబట్టాను, దూరానికి మొహం అలా కనబడి ఉంటుంది. ఆవిడకది ఇప్పటిదాకా చెప్పలేదు, ఇక చెప్పను కూడా. అసలే కోపిష్ఠి వంశం మాది. నాకు మాత్రం పెళ్ళయిన దగ్గర్నుంచి ఎందుకో ఆవిడ ముందు కోపం తెచ్చుకోడానికి మొహమాటమేసేది, రానురాను నిజంగానే రావడం మానేసింది. అరుగు మీద మోకాళ్ళేసిన ఆ కుర్రాడు ఇప్పుడు కనబడితే నేను ఓదార్చను. ఇంకాసేపు పళ్ళు అలాగే బిగబట్టుకో, ఆ పిల్ల చూస్తోంది అని మాత్రం చెబుతాను.