ముత్యాలరాజు గారికి అర్థం కాలేదు

ముత్యాలరాజు గారికి ఏదీ అర్థం కాదు. కాకపోతే కాకపోయింది, ఆ సంగతి నలుగురిలో లేచి నిలబడి, గొంతు సవరించుకుని మరీ చెప్తారు. "ఏవండీ, నాకు అర్థం కాలేదండీ. ఇంకోసారి చెబుదురూ!" ఇదీ ఆయన జబ్బు. దీనికి మందు లేదు.

మా కోనసీమలో ఇది చిన్న విషయం కాదు. ఎవరేం చెప్పినా మేం ఆయ్ అంటాం. డాక్టరు గారు జబ్బు పేరు ఇంగ్లీషులో చెప్పినా ఆయ్, కండక్టరు బస్సు ఇక కదలదన్నా ఆయ్. ఇల్లు అంటుకుందండీ అని ఎవరైనా చెబితే ముందు ఆయ్ అని, ఆ తర్వాతే బిందె కోసం వెతుకుతాం. పెద్దమనిషి చెప్పింది అర్థం కాలేదంటే ఆయన్ని తప్పుపట్టినట్టవుతుందని మా మొహమాటం. అలాంటి చోట పుట్టి, ఈయన ఇలా తయారయ్యేరు.

ఓసారి నా బుద్ధి గడ్డితిని ఆయన్ని పలివెలలో మా బంధువుల పెళ్ళికి తీసుకెళ్ళేను. పంతులు గారు మంత్రం చదివి, "అలాగేనని చెప్పు నాయనా" అన్నారు. పెళ్ళికొడుకు ఆయ్ అనబోతున్నాడు. ఈయన కుర్చీలోంచి లేచేరు.

"పంతులు గారూ, నాకు అర్థం కాలేదండీ. కుర్రాడు దేనికి ఒప్పుకుంటున్నాడండీ?"

పంతులు గారు పీట మీదే విడమరిచి చెప్పేరు. వింటున్న కొద్దీ పెళ్ళికొడుక్కి చెమటలు పట్టేయి. పెళ్ళికూతురు మాత్రం, "ఇంకోసారి చెప్పండి పంతులు గారూ, ఈయన సరిగ్గా విన్నట్టు లేరు" అంది.

కొత్తపేటలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆయన కామర్సు చెప్పేవారు, నేను ఫిజిక్సు. రెండువేల ఆరులో మా ప్రిన్సిపాలు వీరవెంకటరమణ గారు మా ఇద్దర్నీ, ఎకనామిక్సు చెప్పే రెబెకానీ గదిలోకి పిలిచేరు.

"విశాఖపట్నంలో ఆన్‌లైన్ చదువుల మీద సదస్సండీ. మన కాలేజీలోనూ ఓ సెంటరు పెట్టాలని సెక్రటరీ గారి పట్టుదల. ఆఖరి రోజున మన తరఫున రెబెకా మాట్లాడాలి. వినడానికి ఆయనే స్వయంగా వస్తారు. బాగా చెబితే సెంటరు నీదే, పర్మినెంటు ఉద్యోగమూ నీదేనమ్మా. లేకపోతే వేసవితో నీ కాంట్రాక్టు అయిపోతుంది, నేనూ ఏం చెయ్యలేను. అర్థమైంది కదా?"

"ఆయ్" అంది రెబెకా.

ఆ అమ్మాయిది గోదారి మధ్య లంక ఊరు. పీజీ దాకా తెలుగు మీడియం. నెమ్మదస్తురాలు. గది బయటికి రాగానే నా దగ్గరికి వచ్చి, "సార్, ఆన్‌లైన్ చదువంటే ఏంటండీ?" అని గుసగుసగా అడిగింది.

"నేనూ లోపల ఆయ్ అన్నవాణ్ణేనమ్మా" అన్నాను.

రావులపాలెంలో అరటి గెలల లారీల మధ్య దారి చేసుకుని విశాఖ బస్సెక్కేం. సదస్సులకి వెళ్ళడంలో ముత్యాలరాజు గారు తలపండిన మనిషి. దారి పొడుగునా మాకు పాఠం.

"బాబ్జీ గారూ, మనవాళ్ళు సదస్సుకెళ్తే సంచీ పుచ్చుకుంటారు, భోంచేస్తారు, సర్టిఫికెట్టు చంకలో పెట్టుకుని బీచికి పోతారు. అది కాదండీ. ముందు వరసలో కూచోవాలి. మాట్లాడినాయన్ని టీ దగ్గర దొరకబుచ్చుకోవాలి. అన్నం తినేటప్పుడు మన ముగ్గురం ఒక్క బల్ల దగ్గర కూచుంటే మాత్రం నేనొప్పుకోను. కొత్తవాళ్ళ పక్కన కూచోవాలండీ!"

"మరి బీచో?" అన్నాను.

"సముద్రం ఎక్కడికీ పోదండీ. హైదరాబాదు నుంచి వచ్చినాయన సాయంత్రం రైలుకి పోతాడు."

సదస్సు మొదలైంది. హైదరాబాదు ప్రొఫెసరు గారు ఇంగ్లీషులో ఊపిరి తీసుకోకుండా దంచేరు. ఎల్లెమ్మెస్సు అన్నారు, బ్లెండెడ్ అన్నారు, అసింక్రనస్ అన్నారు. ఆఖర్న, "ఈజ్ ఇట్ క్లియర్?" అని అడిగేరు. హాల్లో సగం మంది గోదావరి జిల్లాల వాళ్ళే. "ఆయ్!" అని కప్పు ఎగిరిపోయేలా అన్నాం.

అంతలో పక్కన ముత్యాలరాజు గారు గొంతు సవరించుకుంటున్నారు.

"నాకు అర్థం కాలేదండీ. అసింక్రనస్ అంటే ఏంటండీ? తెలుగులో చెబుదురూ!"

హాలు గొల్లుమంది. ప్రొఫెసరు గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "అంటే... మాస్టారు చెప్పే టైము వేరు, పిల్లలు వినే టైము వేరు. ఎవరి వీలు వారిదండీ" అన్నారు. ఆయనా మనవైపు మనిషేనని అప్పుడు తెలిసింది. నవ్విన వాళ్ళందరి పెన్నులూ గబగబా కదిలేయి.

అక్కడితో ఆగేరా? లాగిన్ అంటే ఏంటండీ అన్నారు. పాస్‌వర్డు మర్చిపోతే చదువు కూడా పోతుందా అండీ అన్నారు. మర్నాటికల్లా భోజనాల దగ్గర, "ఆ అర్థంకాని మాస్టారు మీవారేనా అండీ?" అని నన్ను అడగడం మొదలెట్టేరు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"రాజుగారూ, కాలేజీ పరువు తీసేస్తున్నారండీ!"

"ఆయ్. సాంబారు బాగుందండీ, పోయించుకోండి" అన్నారు ఆయన.

ఆఖరి రోజు రానే వచ్చింది. సెక్రటరీ గారు ముందు వరసలో చేతులు కట్టుకుని కూచున్నారు. రెబెకా ఇంగ్లీషులో ప్రసంగం రాసుకుని, నోటికి బట్టీ పట్టి, ఖాళీ చేతులతో మైకు దగ్గరికి వెళ్ళింది. "రెస్పెక్టెడ్ చైర్‌పర్సన్..." అంది. అంతే. తర్వాత మాట రాలేదు. పెదాలు కదులుతున్నాయి గానీ గొంతు లేదు. సెక్రటరీ గారు గడియారం చూసుకున్నారు. పాపం, ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి. ఉద్యోగం పోయిందిరా దేవుడా అనుకున్నాను.

అప్పుడు లేచేరండీ మా మహానుభావుడు.

"అమ్మా, నాకు అర్థం కాలేదండీ!"

ఆ అమ్మాయి ఇంకా ఏమీ చెప్పనే లేదు, ఈయనకి అర్థం కాకపోవడమేంటి! హాలంతా పడీపడీ నవ్వింది.

"వరదొచ్చి లంక పిల్ల కాలేజీకి రాలేకపోయిందనుకో. ఈ ఆన్‌లైన్ పాఠం ఏ పడవెక్కి వెళ్తుందమ్మా?"

రెబెకాకి కోపం వచ్చింది. "పడవెందుకు మాస్టారూ! పాఠం ముందే రికార్డు చేసి పెడతాం కదండీ!"

"ఎక్కడ పెడతారమ్మా, అటక మీదా?"

"అయ్యో, అటక కాదండీ! కంప్యూటర్లో! నీళ్ళు తీసేక ఆ పిల్ల అమలాపురం నెట్ సెంటరుకెళ్ళి చూసుకుంటుంది. సందేహముంటే రాసి పంపుతుంది. మేం జవాబిస్తాం. వరదలప్పుడు మా లంకలో నాకెన్ని పాఠాలు పోయేయో తెలుసా అండీ? ఇదే అప్పుడుంటేనా!"

"మళ్ళీ చెప్పమ్మా, ఆ రాసి పంపడం దగ్గర తప్పిపోయేను."

మళ్ళీ చెప్పింది. చేతులు తిప్పుతూ, చెంగు దోపుకుని, అచ్చ తెలుగులో చెప్పింది. టైమైపోయిందని గంట కొట్టబోతే సభ చైర్మన్ గారే ఆపేరు. దిగి వచ్చేసరికి సెక్రటరీ గారు లేచి నిలబడి, "సెంటరు నీదేనమ్మా. అంతలా అర్థంకాని మనిషికే అర్థమయ్యేలా చెప్పేవు" అన్నారు.

తిరుగు ప్రయాణంలో రావులపాలెంలో దిగి టీ తాగుతున్నాం. రెబెకా ఇంటికి ఫోన్ చెయ్యడానికి అవతలికి వెళ్ళింది.

"రాజుగారూ, నిజం చెప్పండి. మీకు లాగిన్ తెలీదా?"

ఆయన అటూ ఇటూ చూసేరు. "కిందటి ఏడాది హైదరాబాదు సదస్సులోనే నేర్చుకున్నానండీ. కానీ ఆ పిల్ల నా పక్కనే కూచుంది కదా. అర్థం కానప్పుడల్లా పెన్ను ఆగిపోయేది. నోరు మాత్రం ఆయ్ అనేది. మనవాళ్ళకి అడగడం సిగ్గండీ. ఎవడో ఒకడు ముందు వెధవైతే మిగతావాళ్ళకి సుఖం. నాకు అలవాటైపోయింది, పెద్ద కష్టమనిపించదు. ఆ అమ్మాయితో అనకండేం."

నాకు ఆయన్ని కావలించుకోవాలనిపించింది. అంతలో రెబెకా వచ్చేసింది. "రండి మాస్టారూ, బస్సులో లాగిన్ ఇంకోసారి చెప్తాను. ఈసారైనా శ్రద్ధగా వినాలి మరి!" అంటూ ఆయన చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. అమలాపురం రోడ్డు మీద బస్సు కదిలినంతసేపూ ముందు సీటు వెనకాల వేలితో గీసి చెబుతూనే ఉంది. ఆయన మధ్యమధ్యలో తప్పులు చెబుతూనే ఉన్నారు.

సెంటరు పెట్టేరు. రెబెకా పర్మినెంటైంది. మరుసటేడు కొత్తగా చేరిన లెక్చరరొకడు నాకీ కంప్యూటర్లు ఒంటబట్టవండీ అని మొర పెట్టుకుంటే, నడుం మీద చెయ్యేసుకుని గదమాయించింది.

"ముత్యాలరాజు గారి బుర్రకెక్కించినదాన్ని నేను! నువ్వో లెక్కా?"

ముత్యాలరాజు గారు పక్కనే ఉన్నారు. "నిజమే నాయనా. నాతో చాలా అవస్థ పడింది, పాపం" అన్నారు.